బడి గేటు దగ్గర కీచుమనే గుమ్మం

హైదరాబాదులో సినిమా హాలుకో, షాపింగు మాలుకో వెళ్ళిన వాళ్ళందరికీ ఈ దృశ్యం పరిచయమే. తలుపు లేని గుమ్మం ఒకటి నిలబెట్టి ఉంటుంది. దాంట్లోంచి నడుస్తాం. కీచుమంటుంది. మన ముందు వెళ్ళినాయనకీ కీచుమంది, మన వెనకావిడకీ కీచుమంటుంది. పక్కన కుర్చీలో కూర్చున్న సెక్యూరిటీ మనిషి తల ఎత్తకుండానే "వెళ్ళండి వెళ్ళండి" అంటాడు. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కులోనూ, కోఠీలో గోకుల్ చాట్ దగ్గరా బాంబులు పేలి నలభై మందికి పైగా చనిపోయిన తరవాత ఈ గుమ్మాలు ఊరంతా మొలిచాయి. ఇప్పుడు అవి మన ఊళ్ళో తోరణాల్లాగా అయిపోయాయి. ఉన్నాయి కాబట్టి ఉన్నాయి.

అలాంటి గుమ్మాన్ని పిల్లల బడి గేటు దగ్గర తప్పనిసరి చెయ్యాలా అన్నది ఈసారి మన విషయం. నేనుండేది కువైట్‌లో. ఇక్కడి తల్లిదండ్రుల వాట్సాప్ గుంపులో, అమెరికా నుంచి కాల్పుల వార్త ఏదైనా వచ్చిన ప్రతిసారీ ఈ చర్చ మొదలవుతుంది. "మన స్కూల్లో కూడా పెట్టించాలండీ" అని ఒకరు, "ఫీజు ఎంత పెంచుతారో ముందు కనుక్కోండి" అని ఇంకొకరు. చివరికి "మీరు కంప్యూటర్ల వారు కదా, మీరు చెప్పండి" అని నా మీదకి తోస్తారు. కంప్యూటరుకీ దీనికీ సంబంధం తక్కువే. కాని ఇందులో ఉన్న లెక్క మాత్రం మన వృత్తిలో వాళ్ళకి బాగా తెలిసిన లెక్కే.

ముందు ఒక మాట. అమెరికాలో పబ్లిక్ స్కూలు అంటే సర్కారు బడి. మనకేమో హైదరాబాద్ పబ్లిక్ స్కూలు లాంటివి గుర్తొస్తాయి. సత్య నాదెళ్ళ చదివిన ఆ బడికి సర్కారు బడి అన్న పేరు ఎవరూ పెట్టరు. కువైట్‌లో సర్కారు బడులు ప్రధానంగా ఆ దేశపు పౌరుల పిల్లలకోసం. మన పిల్లలు చదివేవి అబ్బాసియా, సాల్మియా లాంటి చోట్ల ఉన్న ప్రైవేటు ఇండియన్ స్కూళ్ళు. కాబట్టి ఇక్కడ ఖర్చు భరించేది ప్రభుత్వం కాదు, మనమే.

ఇక యంత్రం సంగతి. దీని మూలం 1831లో ఫారడే కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణ. ఇంటర్మీడియట్ ఫిజిక్సులో బట్టీపట్టి మరిచిపోయిందే. గుమ్మం ఒక పక్క స్తంభంలో రాగి తీగ చుట్టలుంటాయి. వాటిలోకి సెకనుకి కొన్ని వందల సార్లు కరెంటు పంపి, ఠక్కున ఆపుతారు. ఆపగానే చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రం కుప్పకూలుతుంది. ఆ మారే క్షేత్రంలో లోహపు వస్తువు ఉంటే, దాని ఒంట్లో సుడులు తిరిగే కరెంట్లు పుడతాయి. అవి వెంటనే చావవు, కొన్ని మైక్రోసెకన్లపాటు కొట్టుకుంటూ ఉంటాయి. ఆ కరెంట్లు పుట్టించే బుల్లి క్షేత్రాన్ని రెండో చుట్ట పసిగడుతుంది. గుడిలో గంట కొట్టి వదిలేశాక కూడా కాసేపు మోగుతుంది చూడండి, అలాంటిదన్నమాట. ఆ మోత ఎంత సేపు ఉంది, ఎంత గట్టిగా ఉంది అన్నదే యంత్రానికి తెలిసిన సర్వస్వం. అది తుపాకీయా, టిఫిను డబ్బాయా అన్నది దానికి తెలియదు.

ఈ విద్యని మొట్టమొదట మనిషి ఒంటిమీద ప్రయోగించింది టెలిఫోను కనిపెట్టిన గ్రాహం బెల్. 1881 జులైలో అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డ్‌ని ఒకడు కాల్చాడు. తూటా ఒంట్లో ఎక్కడుందో డాక్టర్లకి అంతుపట్టలేదు. బెల్ ఒక పరికరం తయారుచేసి తీసుకెళ్ళాడు. ప్రయోగశాలలో చక్కగా పనిచేసిన పరికరం అధ్యక్షుడి మంచం దగ్గర ఎక్కడ పెట్టినా మోగింది. కారణం ఏమిటంటే, పరుపులో ఇనప స్ప్రింగులున్నాయి! పైగా తూటా కుడిపక్కనే ఉందని పట్టుబట్టిన పెద్ద డాక్టరు ఆ పక్కనే వెతకనిచ్చాడు. తూటా ఎడమపక్కన ఉంది. సెప్టెంబరు 19న గార్ఫీల్డ్ చనిపోయాడు. ఈ కథలో ఉన్న రెండు ఇబ్బందులూ, అంటే చుట్టూ ఉన్న ఇనుమూ, ఎక్కడ వెతకాలో ముందే తీర్మానించుకున్న పెద్దమనిషీ, ఇప్పటికీ అలాగే ఉన్నాయి. బడి గేటు ఇనప చువ్వలదైతే, పక్కన రోలింగు షట్టరు ఉంటే, నేల కింద కాంక్రీటులో ఇనప కమ్ములుంటే గుమ్మం తికమక పడుతుంది. రెండు గుమ్మాలు పక్కపక్కన పెడితే ఒకదాని పల్సు ఇంకొకదానికి వినిపిస్తుంది. రెంటి గడియారాల్నీ జోడించాలి.

దూరం సంగతి ఇంకా ఆసక్తికరం. చిన్న వస్తువు దగ్గరకి చేరే క్షేత్రం దూరంతో పాటు మూడో ఘాతంలో తగ్గుతుంది. వస్తువు నుంచి తిరిగివచ్చే సంకేతం మళ్ళీ మూడో ఘాతంలో తగ్గుతుంది. వెరసి ఆరో ఘాతం. దూరం రెట్టింపైతే సంకేతం 64వ వంతుకి పడిపోతుంది. అందుకే చేతి కర్ర లాంటి డిటెక్టరు రెండు సెంటీమీటర్ల దగ్గర గుండుసూదిని కూడా పట్టేస్తుంది, మనిషికి అరమీటరు దూరంలో ఉన్న స్తంభం పట్టలేదు. గుమ్మాన్ని గుండుసూది కోసం సర్దితే, ప్రతి బెల్టుకీ, ప్రతి తాళంచెవికీ అరుస్తుంది.

ఆకారం కూడా ముఖ్యమే. చుట్టూ కలిసిపోయిన ఉంగరంలాంటి వస్తువులో సుడి కరెంటు హాయిగా తిరుగుతుంది, కాబట్టి బరువుకి మించిన మోత వస్తుంది. గాజులు, కాళ్ళ పట్టీలు, వెండి మొలతాడు ఈ కోవలోవి. దీనికి విరుద్ధంగా, అయస్కాంతానికి అంటుకోని రకం స్టెయిన్‌లెస్ స్టీలు కరెంటుని సరిగా ప్రసరించనివ్వదు. దానితో చేసిన సన్నటి వస్తువు అదే సైజు ఇనుముకన్నా చాలా తక్కువగా మోగుతుంది. పింగాణీ కత్తి అసలు మోగనే మోగదు. అంటే అమ్మమ్మ కట్టిన మొలతాడుకి గంట కొట్టి, వంటింటి కత్తిని వదిలెయ్యటం ఈ యంత్రానికి సాధ్యమే.

ఇప్పుడు మన లెక్కకి వద్దాం. ఎంత మోగితే "దొరికింది" అనాలి అన్న గీతని మనమే గియ్యాలి. గీత కిందకి దింపితే అమాయకులు ఎక్కువమంది ఆగుతారు. పైకి జరిపితే ఆయుధం జారిపోతుంది. మెషీన్ లెర్నింగు వాళ్ళు రోజూ గీసే ఆర్ఓసీ వక్రరేఖ ఇదే. ఆ పేరు రెండో ప్రపంచ యుద్ధం నాటి రాడారు రిసీవర్ల దగ్గర్నుంచి వచ్చింది. అక్కడ ప్రశ్న తెర మీద చుక్క విమానమా, పక్షుల గుంపా అని. ఇక్కడ ప్రశ్న తుపాకీయా, జామెట్రీ బాక్సా అని.

ఒక ఊహాజనితమైన బడి తీసుకోండి. 3,000 మంది పిల్లలు, ఏడాదికి 180 రోజులు. మొత్తం 5,40,000 సార్లు గుమ్మం దాటుతారు. ఏడాదిలో రెండుసార్లు ఎవడో కత్తి తెచ్చాడనుకుందాం. యంత్రం నూటికి 95 సార్లు కత్తిని పడుతుందనీ, అమాయకుల్లో నూటికి పది మందికి మాత్రమే కీచుమంటుందనీ ఉదారంగా ఒప్పుకుందాం. ఏడాదికి 54,000 ఉత్తుత్తి కీచులు, రెండు నిజం కీచులు. గార్డుకి వినపడే ప్రతి ఇరవై ఏడు, ఇరవై ఎనిమిది వేల కీచుల్లో ఒకటి అసలుది. రాత్రిళ్ళు పేజరు పెట్టుకుని ఆన్‌కాల్ చేసినవాళ్ళకి నేను వేరే చెప్పక్కర్లేదు. రోజుకి మూడు వందల అబద్ధపు అలర్టులొచ్చే సిస్టంలో నిజం అలర్టుకి ఏం గతి పడుతుందో మనందరికీ తెలుసు. హైదరాబాదు మాలులో కుర్చీలో కూర్చున్నాయన బద్ధకస్తుడు కాదు. ఆయన బుర్ర బేస్ సిద్ధాంతాన్ని సరిగ్గానే నేర్చుకుంది.

టైము లెక్క ఇంకొకటి. నిమిషానికి పదిహేను మందిని పంపగలిగితే, ఒక్క గుమ్మం గుండా మూడు వేలమంది వెళ్ళటానికి మూడు గంటల ఇరవై నిమిషాలు. నాలుగు గుమ్మాలు పెడితే యాభై నిమిషాలు. ఆ మూడు వందల మందినీ పక్కకి పిలిచి చేతి డిటెక్టరుతో అర నిమిషం చూస్తే మరో రెండున్నర గంటల మనిషి పని. కువైట్‌లో బడి పొద్దున్నే ఏడింటికల్లా మొదలు. బస్సులన్నీ ఒకేసారి వచ్చి వాల్తాయి. ఇక్కడి ఎండ సంగతి తెలిసిందే. 2016 జులై 21న మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదై ప్రపంచ రికార్డుల పట్టికకెక్కిన దేశం ఇది. సెప్టెంబరులో యూకేజీ పిల్లల్ని ఆరుబయట యాభై నిమిషాలు వరసలో నిలబెట్టే ఆలోచన చేసేవాళ్ళు ముందు తాము నిలబడి చూడాలి. పైగా సంచీలు గుమ్మం గుండా పంపి లాభం లేదు. స్టీలు క్యారేజీ, నీళ్ళ సీసా, కాంపస్, డివైడరు అన్నీ అందులోనే. వాటికి ఎక్స్-రే యంత్రం కావాలి, లేదా చేత్తో వెతికే మనుషులు కావాలి. చవక రకం గుమ్మం మంచి లాప్‌టాప్ ధరకి వస్తుంది. దాని పక్కన ఏళ్ళ తరబడి నిలబడే మనుషుల జీతాలే అసలు ఖర్చు.

అమెరికా అనుభవం ఏం చెబుతోంది? న్యూయార్కు నగరం 1988లోనే కొన్ని హైస్కూళ్ళలో ఇది మొదలుపెట్టింది. కత్తులూ కటార్లూ దొరికిన మాట నిజం. కాని మిన్నెసోటాలోని రెడ్ లేక్ బడిలో 2005 మార్చి 21న జరిగింది చూడండి. గుమ్మంలో డిటెక్టరు ఉంది, దాని దగ్గర గార్డు ఉన్నాడు. చేతిలో ఆయుధం లేని ఆ గార్డుని మొదట కాల్చి, కుర్రవాడు లోపలికి నడిచాడు. దాచుకుని తెచ్చేవాణ్ణి ఈ యంత్రం పట్టిస్తుంది, దాచుకోవలసిన అవసరం లేదనుకున్నవాణ్ణి ఆపలేదు. 2014 డిసెంబరు 16న పెషావరు సైనిక పాఠశాల మీద పడ్డవాళ్ళు గేటు గుండా రానే లేదు, వెనక గోడ దూకి వచ్చారు.

"పాతకాలపు డిటెక్టర్లు కాదండీ, ఇప్పుడు ఏఐ వచ్చింది" అంటారు అమ్మేవాళ్ళు. ఆ కథా జరిగింది. ఇవాల్వ్ అనే కంపెనీ, ఆగకుండా నడిచిపోండి, ఆయుధాన్ని మా ఏఐ వేరు చేస్తుంది అంటూ అమెరికా బడులకి స్కానర్లు అమ్మింది. 2022 అక్టోబరులో న్యూయార్కు రాష్ట్రంలోని యుటికా పట్టణపు హైస్కూల్లో ఏడంగుళాల కత్తి ఆ స్కానరు దాటిపోయి ఒక విద్యార్థికి దిగింది. తరవాత గీత కిందకి దింపి చూస్తే అబద్ధపు అలారాలు సగానికి సగం అయ్యాయని ఫెడరల్ ట్రేడ్ కమిషను తన ఫిర్యాదులో రాసింది. మరికొన్ని బడుల్లో పిల్లల క్రోమ్‌బుక్కులు మోగించేస్తుంటే, వాటిని బయటికి తీసి ఎత్తి పట్టుకుని నడవమన్నారు. చివరికి 2024 నవంబరులో, ఆధారాలు లేని ప్రచారం మానుకోవాలనీ, కొన్ని బడులకి ఒప్పందం రద్దు చేసుకునే అవకాశం ఇవ్వాలనీ రాజీ కుదిరింది. ఏఐ ఆ వక్రరేఖని కొంచెం మెరుగుపరచగలదేమో గాని, గీత గియ్యాల్సిన బాధ్యతని మాయం చెయ్యలేదు.

వర్జీనియాలో న్యూపోర్ట్ న్యూస్ అనే ఊళ్ళో 2023 జనవరి 6న ఆరేళ్ళ పిల్లవాడు ఒకటో తరగతి టీచరుని కాల్చాడు. ఆ తరవాత ఆ ఊరి బడులన్నిటికీ గుమ్మాలు కొన్నారు. అయితే వాడి దగ్గర తుపాకీ ఉందన్న అనుమానం ఆ రోజే బడిలో పెద్దల దాకా వెళ్ళింది. సంచీ వెతికారు, దొరకలేదు, జేబులు చూడలేదు. 2025 నవంబరులో జ్యూరీ ఆ టీచరుకి కోటి డాలర్ల పరిహారం ఇవ్వమన్నది ఈ నిర్లక్ష్యానికే. ఆ రోజు మోగిన అలారం మనుషులది. అది చాలాసార్లు మోగింది.

కువైట్‌లో భయానికి కారణాలు లేకపోలేదు. 1990-91 ఇరాకు ఆక్రమణ వదిలిపెట్టి వెళ్ళిన ఆయుధాలు చాలాకాలం ఇళ్ళలో ఉండిపోయాయి. 2015లో లైసెన్సు లేని ఆయుధాల సేకరణకి ప్రత్యేక చట్టం చేసి, శిక్ష లేకుండా అప్పగించటానికి గడువు ఇచ్చారు. అదే ఏడు జూన్ 26న ఇమాం సాదిక్ మసీదులో ఆత్మాహుతి దాడి జరిగి 27 మంది చనిపోయారు. ఆ బాధలో, వారం పది రోజుల్లోనే ఇంకో చట్టం వచ్చింది. దేశంలో ఉన్న ప్రతి ఒక్కరూ, పౌరులూ మనలాంటి వలసదారులూ సందర్శకులూ అందరూ, డీఎన్ఏ నమూనా ఇవ్వాలని! ప్రపంచంలో ఇంకెక్కడా లేని చట్టం. 2017 అక్టోబరులో రాజ్యాంగ న్యాయస్థానం దాన్ని కొట్టేసింది. విషాదం జరిగిన వారంలో కొన్న టెక్నాలజీకి స్పెసిఫికేషను ఎవరూ సరిగ్గా రాయరు.

మన పిల్లలకి కువైట్‌లో మెటల్ డిటెక్టరు నిజంగా ఎదురయ్యేది ఇంకో చోట, నీట్ పరీక్షలో. భారతదేశం బయట నీట్ మొదటిసారి జరిగింది 2021 సెప్టెంబరు 12న, కువైట్, దుబాయిలలో. కువైట్‌లో మన రాయబార కార్యాలయం ఆవరణలోనే పెట్టారు. కోవిడ్ రోజుల్లో విమానాలు లేక పిల్లలు అల్లాడుతున్న సమయం. గల్ఫు తల్లిదండ్రులకి అది నిజంగా పెద్ద ఊరట.

నీట్‌లో ఈ తనిఖీల కథ 2015లో ముదిరింది. ఆ ఏడాది వైద్య ప్రవేశ పరీక్షలో కొందరు బనీన్లలో సిమ్ము పరికరాలు కుట్టించుకుని, చెవిలో బుల్లి ఇయర్‌ఫోను పెట్టుకుని జవాబులు విన్నారు. జూన్ 15న సుప్రీంకోర్టు పరీక్షనే రద్దుచేసింది. మళ్ళీ పెట్టినప్పటి నుంచీ పొట్టిచేతుల చొక్కా, బూట్లు కూడదు లాంటి నియమాలొచ్చాయి. తమాషా ఏమిటంటే, ఆ కోవ ఇయర్‌ఫోన్లలో చాలావాటికి శబ్దం అందేది మెడ చుట్టూ దాచిన తీగ చుట్ట నుంచి, అయస్కాంత ప్రేరణతోనే. దొంగకీ పోలీసుకీ ఫారడే ఒక్కడే గురువు. చెవిలో గింజంత వస్తువు డిటెక్టరుకి చిక్కకపోవచ్చు గాని మెడలో తీగ చుట్ట మాత్రం బాగా మోగుతుంది.

అయితే అంత చిన్నవాటికోసం గీత దింపితే ఇంకేం మోగుతాయి? 2022 జులై 17న కేరళలో కొల్లం జిల్లా ఆయూరులో ఒక కేంద్రంలో, లోదుస్తుల కొక్కేలకి డిటెక్టరు మోగిందని ఆడపిల్లల చేత అవి విప్పించారు. మూడు గంటల ఇరవై నిమిషాల పరీక్ష జుట్టు ముందుకి వేసుకుని రాశామని చెప్పుకుని ఏడ్చారు పిల్లలు. కేసు నమోదైంది, అరెస్టులయ్యాయి, సెప్టెంబరు 4న వాళ్ళకి మళ్ళీ పరీక్ష పెట్టారు. అదే ఏడు అక్టోబరులో తెలంగాణ గ్రూప్-1 ప్రిలిమ్స్ రోజున ఆదిలాబాదులో మంగళసూత్రాలు తీయించారని గొడవైంది. ఆ డిటెక్టర్లు చెడిపోలేదు. లోహం ఉందా అని అడిగితే ఉందని చెప్పాయి. ఏ లోహం మోగితే ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో పక్కనున్న మనిషికి ఎవరూ చెప్పలేదు. ఏడాదల్లా చదివిన పిల్ల జాతకం ఆ మనిషి చేతిలో పెట్టాం.

ఇంతా చేసి, పెద్ద మోసాలు ఈ దారిన రావు. 2016లో తెలంగాణ ఎంసెట్-2 మెడికల్ పేపరు ముద్రణ దగ్గరే లీకైంది. పిల్లల్ని వేరే ఊళ్ళకి తీసుకెళ్ళి ముందే చదివించారు. సీఐడీ దర్యాప్తు తరవాత పరీక్ష రద్దయి, సెప్టెంబరులో మూడోసారి రాయాల్సి వచ్చింది. ఏ డిటెక్టరు పట్టేను? జవాబులు బుర్రలో పెట్టుకుని వచ్చారు. 2024 నీట్‌లోనూ పేపరు పోయింది హజారీబాగు కేంద్రంలో పెట్టెలోంచి.

కాబట్టి గుంపులో నేను చెప్పింది ఇది. పరీక్ష హాలుకి చేతి డిటెక్టరు సబబే. అది ఒక్క రోజు పని, వెతికేది ఫోనూ తీగ చుట్టా అని తెలుసు, జరిగే నష్టం మిగతా పిల్లలది. రోజువారీ బడి గేటుకి గుమ్మం తప్పనిసరి చెయ్యటానికి మాత్రం నేను ఓటెయ్యను. ఆ డబ్బుతో గోడలు సరిచెయ్యమనండి, బస్సుల గేటూ మనుషుల గేటూ వేరు చెయ్యమనండి, మూడు వేలమందికీ ఒక్క కౌన్సెలరు ఉంటే ఇంకో ఇద్దర్ని పెట్టమనండి. ఎవడి సంచీలో ఏముందో గుమ్మం కన్నా ముందు పక్క బెంచీవాడికి తెలుస్తుంది. వాడు వచ్చి చెప్పటానికి ఒక పెద్దమనిషి ఉండాలి. ఇది ఒప్పుకోనివాళ్ళు గుంపులో సగం మంది ఉన్నారు. "ఒక్క ప్రాణం పోతే మీ లెక్కలు ఏం చేస్తాయి?" అని ఒక తల్లి అడిగారు. ఆ ప్రశ్నకి నా దగ్గర అంకెల్లో జవాబు లేదు. కాని గుమ్మం కొనేట్టయితే అమ్మేవాణ్ణి ఒకటి అడగమన్నాను. మీరు పట్టుకుంటామంటున్న అతి చిన్న వస్తువు ఏది? ఆ సెట్టింగులో, సంచీ భుజాన వేసుకున్న వందమంది పిల్లల్ని మా కళ్ళెదుట పంపితే ఎన్నిసార్లు మోగుతుంది?

ఈ ఏడు పిల్లలు నీట్ రాస్తున్న గల్ఫు పాఠకులకి నాలుగు మాటలు. ఆ ఏటి సమాచార పుస్తకంలో దుస్తుల నియమాలు మారుతుంటాయి, అవి ముందే చదవండి. పొట్టిచేతుల బట్టలు, చెప్పులు వేయించండి. జిప్పులూ లోహపు గుండీలూ లేని బట్టలు, తీగ లేని లోదుస్తులు కొని ఉంచండి. ముక్కుపుడక, పట్టీలు, వెండి మొలతాడు, రేకు తాయెత్తు ముందు రోజు రాత్రే తీయించండి. ముక్కుపుడక బిగుసుకుపోతే గేటు దగ్గర పెనుగులాడటం కన్నా ఇంట్లో కాస్త కొబ్బరినూనె రాసి తీయటం నయం. సంప్రదాయ దుస్తులతో వచ్చేవాళ్ళు ఇంకో గంట ముందు చేరాలి. ఆడపిల్లల్ని మూసి ఉన్న చోట, ఆడవాళ్ళే తనిఖీ చెయ్యాలి. ఈ నియమం కాగితం మీద ఉంది. అది మీ అమ్మాయికి కూడా తెలియాలి, అవసరమైతే అడగటానికి.